సారీ అన్న మనిషి

శుక్రవారం పొద్దున పాత అతిథులు వెళ్లిపోతారు, సాయంత్రం టీ వేళకి కొత్తవాళ్లు దిగుతారు. ఆ మధ్య కాసేపు పై వాటా అంతా ఎనిడ్ ప్రాసర్ చేతిలో ఉంటుంది. అప్పుడు చూడాలి ఆవిణ్ణి. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి, మంచం మీద దుప్పటి లాగేటప్పుడు మాత్రం పాత కక్ష తీర్చుకుంటున్నట్టు లాగుతుంది. కొత్త దుప్పటి పరిచి, నాలుగు మూలలూ కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి తోస్తుంది. కెటిల్ అడుగున పేరుకున్న సున్నం వెనిగర్ పోసి వదిలిస్తుంది. పాత న్యూస్‌పేపరు ఉండ చేసి, కిటికీ అద్దాలు కిచకిచమనేదాకా తుడుస్తుంది. చివరికి బాత్రూంలో టాయిలెట్ కాగితం చుట్ట కొసని త్రికోణంగా మడుస్తుంది. ఆ మడత ఎవరికి కావాలో, ఎందుకు కావాలో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. యజమానురాలు మడవమంది, మడుస్తుంది.

మార్ల్‌బరీ సంత చౌకులో నల్ల దూలాల, తెల్ల గోడల పాత ఇల్లది. ఒకప్పుడు గుర్రాలకి జీనులు కుట్టేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు పై వాటా సెలవులకొచ్చేవాళ్లకి అద్దెకిస్తున్నారు. కింద వెనకవైపు రెండు గదుల్లో ఎనిడ్ ఉంటుంది. తోళ్లు నానబెట్టిన గదులవి, వాన పట్టినప్పుడు గోడల్లోంచి ఇంకా ఆ వాసన వస్తుంది. పనితో పాటు వచ్చిన గదులు, పని ఉన్నన్నాళ్లు ఉండే గదులు. మార్ల్‌బరీలో ఖాళీ అయిన ప్రతి ఇల్లూ ఏదో ఒక అందమైన పేరు పెట్టుకుని సెలవుల ఇల్లయిపోయింది. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు గది కావాలంటే కొండ అవతల వేరే ఊరికి పోవాల్సిందే. అరవై దాటిన ఎనిడ్‌కి ఆ సంగతి తలుచుకోవడమే ఇష్టం ఉండదు.

యజమానురాలు ఫిలిప్పా కేరూ ఊరి బయట పెద్ద ఫారం ఇంట్లో ఉంటుంది. నన్ను పిప్పా అని పిలువు, మనం మనం ఒక కుటుంబం అని ఎనిడ్‌తో ఎన్నిసార్లు చెప్పిందో. ఎనిడ్ సరేనని తలూపి, మరుక్షణం "మిసెస్ కేరూ" అంటుంది. పిప్పాకి ఫొటోలంటే పిచ్చి. మెట్ల పక్కన పట్టుకోడానికి ఉన్న పాత చెక్క కమ్మీ ఫొటోల్లో బాగా లేదని ఈ వసంతంలో పీకించేసింది. గోడకి ఇనుప రింగులు కొట్టించి, వాటిగుండా ఓడల్లో వాడేలాంటి లావు తాడు కట్టించింది. తాడు చూడ్డానికి బాగానే ఉంది. దుమ్ము దులిపేటప్పుడు మాత్రం పైరింగు గోడలో కదులుతున్నట్టు ఎనిడ్ చేతికి తెలిసింది. రెండుసార్లు చెప్పింది. పిప్పా నవ్వి, పాత ఇళ్లన్నీ కొంచెం కదులుతాయి డియర్, అదే వాటి అందం అంది. పనిలో పనిగా, మెట్లకి మైనం పాలిష్ పెట్టమని కూడా చెప్పింది, లోపల అడుగుపెట్టగానే పాత కాలపు వాసన రావాలట. ఎనిడ్ సరేనంది. గోడ చెక్కలకి, మెట్ల మొదట్లో ఉన్న స్తంభానికి మాత్రమే పాలిష్ పెట్టింది. కాలు పెట్టే చోట ఎవరు మాత్రం మైనం రాస్తారు!

ఆ శుక్రవారం దిగినవాళ్లు లెడ్‌బెటర్ దంపతులు. లండన్ పక్కనించి వచ్చారు. జెరాల్డ్ లెడ్‌బెటర్ పొడుగాటి మనిషి, గుమ్మం దూలానికి తల తగలకుండా వంగుతూ, వంగాల్సి వచ్చినందుకు విసుక్కుంటూ లోపలికి వచ్చాడు. ఆయన భార్య సిల్వియా చిన్న మనిషి. ఎనిడ్ చేతిలో తాళం చెవి తీసుకుంటూ సారీ అంది, ఎందుకో ఎవరికీ తెలీదు. ఎనిడ్ కూడా సారీ అంది. ఆ దేశంలో ఇద్దరు ఆడవాళ్లు కలుసుకుంటే అదే నమస్కారం.

వాళ్లు పైకి వెళ్లాక, పాల జగ్గు పెట్టడం మరిచిపోయానని ఎనిడ్‌కి గుర్తొచ్చింది. జగ్గు పట్టుకుని తన గది తలుపు తీసింది. అప్పుడే సిల్వియా కారులో మరిచిపోయిన కళ్లజోడు కోసం దిగుతోంది. మెట్లు మెలి తిరిగే చోట ఆవిడ చెయ్యి తాడు మీద వేసి, పైనించి భర్త అన్న మాటకి తల తిప్పింది. గోడలోంచి రింగు ఊడిన చప్పుడు ఎనిడ్‌కి ముందు వినిపించింది. తరవాత తాడు జారింది. తరవాత సిల్వియా.

పాలు నేల మీద పోయాయి. ఎనిడ్ ఆ పాలల్లోనే మోకాళ్ల మీద కూర్చుని సిల్వియా తలని తన ఒళ్లోకి తీసుకుంది. సిల్వియా కాలు చూడకూడని విధంగా వంకర తిరిగి ఉంది.

"సారీ తల్లీ, సారీ, అయ్యో, చాలా సారీ..." ఎనిడ్ ఆపకుండా అంటూనే ఉంది.

ఆ ఊళ్లో ఎవరైనా అదే అంటారు. దారిలో ఎవరైనా మనల్ని గుద్దితే మనం సారీ అంటాం. వాన పడితే సారీ అంటాం. ఎవరింట్లోనో చావుంటే సారీ అంటాం. కానీ జెరాల్డ్ లెడ్‌బెటర్ మెట్ల పైన నిలబడి, ముక్కు ఎగబీల్చి, మైనం వాసన చూశాడు. కింద మోకరిల్లి క్షమించమంటున్న పనిమనిషిని చూశాడు. మనసులో లెక్క తేలిపోయింది.

"ఏం రాశావు ఈ మెట్లకి?" అన్నాడు.

"సారీ సార్," అంది ఎనిడ్.

*

శనివారం సంత. తెల్లారకముందే చౌకులో ఇనుప రాడ్లు రాళ్ల మీద పడే మోత, టార్పాలిన్లు దులిపే చప్పుడు. ఆ ఇంటి గుమ్మం పక్కనే ఐవర్ బెబ్ కొట్టు పెడతాడు, గుడ్లు, జున్ను, సీజనులో నల్లరేగుల్లాంటి పుల్లటి డామ్సన్ పళ్లు. పై వాటాలో అతిథులకి పెట్టే గుడ్లు ఆయన దగ్గరే తీసుకుంటుంది. ఐవర్ నోరు ఊరికే ఉండదు. కొండల్లో గొర్రెల మధ్య పెరిగి, మాటలకి మొహం వాచి, ఆ బాకీ అంతా సంత రోజున తీర్చుకుంటాడు.

"ఏంటే ఎనిడ్, లండనమ్మని మెట్ల మీంచి తోసేశావంట."

"నోర్ముయ్, ఐవర్."

"నేను అన్లేదు. రొట్టెల కొట్టు దగ్గర అన్నారు. నువ్వే ఒప్పుకున్నావంటగా, సారీ సారీ అని కాళ్ల మీద పడ్డావంటగా."

ఎనిడ్ గుడ్డు ఒకటి తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది, పగులుందేమో అని. ఐవర్ మొహంలోకి చూడలేదు. రింగు ఊడిందని చెప్పింది. తను చూసిందని, విన్నదని చెప్పింది. ఐవర్ నవ్వడం ఆపాడు.

"మరి ఆ సంగతి చెప్పలేకపోయావా?"

"చెప్పడానికి సందేది? ఆవిడ కాలు విరిగి పడుంటే, నా తప్పు కాదండీ అని మొదలుపెట్టనా?"

 ఐవర్ గుడ్ల డబ్బా కట్టి చేతికిస్తూ, నువ్వు ఉడకబెట్టేముందు ఆ గుడ్లకి కూడా సారీ చెప్తావే అన్నాడు. అది ఊరికే ఆటపట్టించడానికన్నదే. కానీ పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు నవ్వలేదు. ఎనిడ్ వాళ్లని చిన్నప్పటి నుంచి ఎరుగును. ఇద్దరూ ఆవిడ చేతుల వంక చూస్తున్నారు, ఆ చేతులే ఏదో చేశాయన్నట్టు.

మధ్యాహ్నం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లింది. సంత పూలవాడి దగ్గర కొన్న చిన్న గుత్తి ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. సిల్వియా కాలికి పిండికట్టు వేశారు. ఎనిడ్‌ని చూడగానే దిండు మీంచి లేవబోయింది.

"సారీ, మీకు ఎంత శ్రమ ఇచ్చానో," అంది సిల్వియా.

"అయ్యో, నేనే సారీ."

"పాలన్నీ ఒలికిపోయాయి కదా. తరవాత ఎవరు తుడిచారో, పాపం."

"అదెంత పని అమ్మా."

ఇద్దరూ కాసేపు అలా ఒకరి తప్పు ఒకరు మీదేసుకున్నారు. ఎనిడ్‌కి ఈ ముచ్చటకి అంతు లేదనిపించింది. ఆవిడ నోరు తెరవబోతుండగా సిల్వియానే గొంతు తగ్గించి అంది, "ఆ తాడు... నేను గట్టిగానే పట్టుకున్నాను. గోడలోంచి..."

అప్పుడే జెరాల్డ్ రెండు టీ కప్పులు పట్టుకుని వార్డులోకి వచ్చాడు. ఎనిడ్‌ని చూసి ఆగాడు. ఒక కప్పు భార్య పక్కన పెట్టి, రెండోది తనే తాగాడు. ఈ వాటా అద్దెకి కుదిర్చిన ఏజెన్సీ వాళ్లకి ఫోన్ చేశానని, మంగళవారం మనిషి వస్తాడని, అప్పటిదాకా ఈ విషయం ఎవరూ ఎవరితోనూ మాట్లాడకపోవడమే మంచిదని మర్యాదగా చెప్పాడు. సిల్వియా దుప్పటి అంచు సవరించుకుంది.

*

ఆదివారం పొద్దున చర్చి గంటలు మోగుతుండగా పై వాటాలో డ్రిల్లు చప్పుడయింది. జెరాల్డ్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరో తెలియని మనిషి, సంచి భుజాన వేసుకుని, ఎనిడ్ తలుపు తీసేసరికి చౌకు దాటి వెళ్లిపోతున్నాడు. ఆవిడ ఫోన్లో పిప్పా పంపిన మెసేజి ఉంది. మెట్ల మీద కాస్త దుమ్ము పడింది, ఒకసారి చీపురు తిప్పెయ్యి డియర్, నువ్వు లేకపోతే ఏమైపోదునో అని.

ఎనిడ్ చీపురు, చేట తీసుకుని పైకి వెళ్లింది. గోడ నుంచి రాలిన పాత సున్నం పెచ్చులు, ఎర్రటి ఇటుక పొడి, దాన్లో వేలిగోరంత మరమేకులు. అంత లావు తాడుని అంత చిన్న మేకుల మీద వేలాడదీశారా అని ఒక్క క్షణం వంగి చూసింది. చేతులు ఆగలేదు. పైమెట్టు నుంచి ఒక్కో మెట్టే కిందికి ఊడ్చుకుంటూ వచ్చి, మూలల్లో ఇరుక్కున్న పొడిని తడి గుడ్డతో తుడిచి, అంతా చేటలోకెత్తి వెనకాల చెత్తడబ్బాలో పోసేసింది. కొత్త రింగు చుట్టూ వేసిన సున్నానికి మెరుపు కూడా తగ్గించారు, పాత గోడలో కలిసిపోయేలా. ఎనిడ్ దాని వంక చూసి, పని బాగా చేశాడు మనిషి అనుకుంది. పని బాగా జరిగితే మెచ్చుకోవడం ఆవిడకి అలవాటు.

సోమవారం పొద్దున చెత్త బండి వచ్చి వెళ్లింది. ఆ తరవాతే పిప్పా వచ్చింది, నిమ్మకాయ కేకు తీసుకుని. ఎనిడ్ గదిలోకి పిప్పా రావడం అరుదు. వస్తే నిలబడి మాట్లాడి వెళ్లిపోయేది. ఈసారి కుర్చీలో కూర్చుంది, స్కార్ఫు తీసి ఒళ్లో పెట్టుకుంది, కత్తి అడిగి కేకు తనే కోసింది.

"తిను ఎనిడ్. మొహం పీక్కుపోయింది. నిద్ర పడుతోందా అసలు?"

పడుతోందని ఎనిడ్ అబద్ధం చెప్పింది.

"నీ మీద నాకు కోపం లేదు, తెలుసా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

"మిసెస్ కేరూ, రింగు ఊడింది. నేను చూశాను."

పిప్పా కేకు ముక్క మీద పంచదార పూతని ఫోర్కుతో మెల్లగా పగలగొట్టింది. ఏజెన్సీ మనిషికి మెట్లే బాగా లేవని తెలిస్తే పై వాటాని వాళ్ల సెలవుల ఇళ్ల పుస్తకంలోంచి తీసేస్తారని చెప్పింది. ఈ వేసవి పోతుంది, వచ్చే వేసవీ పోతుంది. అప్పుడు ఈ ఇల్లు ఉంచుకోలేను ఎనిడ్, అమ్మేయాలి, పైనా కిందా మొత్తం అంది. ఆ 'కిందా' అన్నప్పుడు ఆవిడ చూపు గది చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. పొయ్యి పక్కన ఆరేసిన బట్టలు, గోడకి ఆనించిన ఇస్త్రీ బల్ల, కిటికీలో జెరేనియం కుండీ, అన్నీ ఆ చూపులో పడ్డాయి.

"నువ్వు మెట్లకి పాలిష్ పెట్టావు, అంతేగా? నేనే పెట్టమన్నాను కూడా. కొంచెం ఎక్కువైంది. అంతే చెప్పు చాలు. వాళ్లు పై వాటా పనికి ఇంకొకరిని పెట్టుకోమంటారు. పెట్టుకుంటాం. నువ్వు ఇక్కడే ఉంటావు. నా తోటలో బోలెడంత పని ఉంది."

"నేను మెట్ల మీద పెట్టలేదు."

"నువ్వు సారీ అన్నావు డియర్. లెడ్‌బెటర్ గారు విన్నారు. ఆవిడా విన్నది. ఊరంతా విన్నది. ఇప్పుడు ఇంకో మాటంటే నువ్వు అబద్ధాలకోరువని అనుకుంటారు. నాకది ఇష్టం లేదు."

అప్పుడు ఎనిడ్‌కి ఆ మరమేకులు గుర్తొచ్చాయి. చెత్త బండి ఎక్కడిదాకా వెళ్లి ఉంటుందో అనుకుంది. తన చేత్తో, తన చీపురుతో, మూలమూలలా తడిగుడ్డ పెట్టి మరీ తుడిచేసింది. అంత శుభ్రంగా తుడవకపోయినా పోయేది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మరి గదులు?" అంది.

"గదులు నీవే. మాటిస్తున్నాను."

"సరే, పర్లేదు," అంది ఎనిడ్. ఎవరైనా ఏదైనా అడిగితే నోటికి వచ్చే మాట అదే. అదీ వచ్చేసింది.

పిప్పా లేచి, వంగి, ఎనిడ్ చెంప మీద చెంప ఆనించింది. అంతకుముందెప్పుడూ అలా చెయ్యలేదు. వెళ్లిపోయాక కేకు ముక్క కంచంలో అలాగే ఉంది. ఎనిడ్ దాన్ని పారేయలేక, తినలేక, మూత పెట్టి బీరువాలో పెట్టింది.

*

మంగళవారం మళ్లీ సంత. ఏజెన్సీ మనిషి ట్రాంటర్ జనంలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. నడివయసు మనిషి, అలసిన కళ్లు, చెమట పట్టిన మెడ. ఎనిడ్ ఊహించినంత కఠినంగా లేడు. తలుపు తీసినందుకు థాంక్స్ చెప్పి, బూట్లు పట్టా మీద శుభ్రంగా తుడుచుకుని లోపలికి వచ్చాడు. అది చూసి ఎనిడ్‌కి భయం ఇంకా పెరిగింది. చెడ్డవాడికి అబద్ధం చెప్పడం తేలిక.

అంతకుముందే జెరాల్డ్ కారు గుమ్మం ముందు ఆపాడు. ఆసుపత్రి నుంచి సిల్వియాని తీసుకొచ్చాడు. పిండికట్టు కాలితో ఆవిడ మెట్లెక్కలేదు కాబట్టి కారులోనే కూర్చోబెట్టి, సామాను సర్దుకుని వెళ్లిపోదామని పైకి వచ్చాడు. కారు చుట్టూ ఐవర్ గుడ్ల డబ్బాలు, కూరగాయల బుట్టలు, బేరాలు.

ట్రాంటర్ మెట్లన్నీ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. తాడు పట్టుకుని బలమంతా వేసి లాగాడు. రింగు కదల్లేదు. మెట్ల మీద అరచెయ్యి పెట్టి రాసి, వాసన చూశాడు. పిప్పా కిటికీ దగ్గర నిలబడి, ఇలాంటి పాత ఇంటిని చూసుకోవడం ఎంత కష్టమో చెబుతోంది.

"మిసెస్ ప్రాసర్, మీరు మెట్లకి పాలిష్ పెట్టారా?" అని ట్రాంటర్ అడిగాడు.

ఎనిడ్ చేతులు ఏప్రాను జేబులో పెట్టుకుంది. కింద సంతలో ఐవర్ ఎవరినో ఏడిపిస్తున్న గొంతు వినిపిస్తోంది.

"పెట్టాను."

"మెట్ల మీద కూడా?"

"ఆఁ."

"ఆ రోజే?"

"ఆ రోజే. సారీ."

జెరాల్డ్ ఊపిరి వదిలాడు. చూశారుగా అన్నాడు. నా భార్య మెడ విరిగి ఉంటే ఏమయ్యేది అన్నాడు. ట్రాంటర్ తలూపాడు. ఆయన ఎనిడ్ వంక చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. వయసైపోతోంది పాపం, చూసుకోలేకపోతోంది అన్న చూపు. తిట్టినా బాగుండేదనిపించింది ఎనిడ్‌కి. ఇన్నేళ్ల చాకిరీలో ఆవిడ పని గురించి అలా చూసినవాళ్లు లేరు.

"ఎనిడ్, వాళ్ల పెట్టెలు కాస్త కిందికి తెస్తావా?" అంది పిప్పా తియ్యగా.

ఎనిడ్ రెండు చేతులా పెట్టెలు పట్టుకుని మెట్లు దిగింది. తాడు ముట్టుకోలేదు. గుమ్మం దాటి వీధిలోకి వచ్చేసరికి ఎండ కళ్లలో పడింది. కారు వెనకాల పెట్టెలు దించుతుంటే, అద్దం కిందికి దిగింది. సిల్వియా మొహం కనిపించింది. పొద్దుటి నుంచి ఏడ్చినట్టుంది.

"ఎనిడ్ గారూ."

ఎనిడ్ దగ్గరికి వెళ్లింది.

"తాడు ఊడొచ్చిందని నేను జెరాల్డ్‌కి చెప్పాను. ఆ రాత్రే చెప్పాను. నువ్వు కంగారులో ఉన్నావు, నాకొదిలెయ్ అన్నాడు. ఆవిడ ఒప్పేసుకుంది కదా, మళ్లీ గొడవెందుకు, ఇంటికెళ్లిపోదాం అన్నాడు. నేను చెప్పాల్సింది. సారీ. నిజంగా సారీ."

దీనికి జవాబు ఎనిడ్ నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. పర్లేదమ్మా, ఏం కాలేదు, మీరు మనసులో పెట్టుకోకండి. చిన్నప్పుడు ఎవరో నేర్పారు, ఇన్నాళ్లూ అంటూనే వచ్చింది. సిల్వియా ఆ మాట కోసమే చూస్తోంది. ఆ మాట పడితే అద్దం పైకెత్తుకుని, మనసు తేలికపడి, లండన్ వెళ్లిపోతుంది.

"అవును," అంది ఎనిడ్. "చెప్పాల్సింది."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సిల్వియా మొహంలో రంగు పోయింది. ఎనిడ్ అక్కణ్ణుంచి కదల్లేదు. జున్ను తూస్తున్న ఐవర్ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

సిల్వియా కాసేపు ఒళ్లో ఉన్న చేతుల వంక చూసుకుంది. తరవాత కారు తలుపు తెరిచింది. పిండికట్టు కాలు రెండు చేతులా ఎత్తి బయటపెట్టి, "కాస్త చెయ్యివ్వండి," అంది. ఎనిడ్ చెయ్యిచ్చింది. ఐవర్ తన స్టూలు లాక్కొచ్చి కింద వేశాడు. సిల్వియా కూర్చోలేదు. కారు తలుపు పట్టుకుని నిలబడింది.

జెరాల్డ్, వెనకాలే ట్రాంటర్, పిప్పా గుమ్మంలోకి వచ్చారు.

"లోపల కూర్చో సిల్వియా, ఏం చేస్తున్నావు?" అన్నాడు జెరాల్డ్.

"ట్రాంటర్ గారంటే మీరేనా?" సిల్వియా గొంతు పెద్దది కాదు. చుట్టూ బేరాలు ఆగిపోవడంతో అందరికీ వినబడింది. "నేను జారలేదండీ. మెట్లు జారుడుగా లేవు. తాడు పట్టుకుంటే రింగుతో సహా గోడలోంచి చేతిలోకొచ్చింది."

జెరాల్డ్ నవ్వాడు. నొప్పి మందులిచ్చారు, తికమక పడుతోంది, పొద్దున తన చెప్పులు కూడా గుర్తుపట్టలేదు అన్నాడు. పిప్పా అయ్యో పాపం అంది. ట్రాంటర్ ఒకరి తరవాత ఒకరి మొహం చూశాడు. రింగు నేను లాగి చూశానమ్మా, గట్టిగానే ఉంది అన్నాడు. అని ఎనిడ్ వైపు తిరిగాడు.

"పాలిష్ పెట్టానని ఇప్పుడే మీరే చెప్పారు కదా?"

"చెప్పు ఎనిడ్," అంది పిప్పా. చిరునవ్వు చెరగలేదు. చూపు మాత్రం ఎనిడ్ భుజం మీంచి, తెరిచి ఉన్న తలుపులోంచి, వెనక గదుల దాకా వెళ్లి ఆగింది.

ఎనిడ్ సిల్వియా వంక చూసింది. అందరూ కలిసి ఆ చిన్న మనిషిని మతి చెడిన మనిషిని చేసేశారు. ఇంకొక్క మాటతో అది ఖాయమైపోతుంది. ఆ మాట అనాల్సింది తనే. ఇందాక పైన ట్రాంటర్ తన వంక అలాగే చూశాడు. ఇప్పుడు సిల్వియా వంక అదే చూపు చూస్తున్నాడు.

"పైన నేను చెప్పింది అబద్ధం," అంది. "మెట్లకి నేనేమీ రాయలేదు. రింగు ఊడింది, ఆవిడ చెప్పినట్టే. ఆదివారం మనిషిని పిలిపించి కొత్తది బిగించారు. ఆ దుమ్మంతా నేనే ఊడ్చాను."

తరవాత సారీ అనాలి. అలవాటు కొద్దీ ఎనిడ్ తనే ఆ మాట కోసం ఎదురు చూసింది. రాలేదు.

ట్రాంటర్ లోపలికి వెళ్లాడు. మెట్లెక్కిన చప్పుడు, పైన ఏదో గీకిన చప్పుడు. తిరిగొచ్చేసరికి ఆయన బొటనవేలికి తెల్లటి తడి సున్నం అంటుకుని ఉంది. జేబురుమాలుతో తుడుచుకుంటూ పిప్పాతో, పక్కకి పిలవకుండా అందరి ముందే, ఈ వాటా ఇంక ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు మేడం, మా పుస్తకంలోంచి ఇవాళే తీసేస్తాను అన్నాడు. ఎనిడ్ వైపు ఒకసారి తల వంచి వెళ్లిపోయాడు.

జెరాల్డ్ పెట్టెలు కారులోకి గిరాటేశాడు. సిల్వియా ఎక్కి కూర్చుంది. అద్దంలోంచి ఎనిడ్ వంక చూసింది. ఈసారి సారీ అనలేదు. కారు సంత జనంలోంచి మెల్లగా, హారన్ కొట్టుకుంటూ పోయింది. బేరాలు మళ్లీ మొదలయ్యాయి. ఐవర్ స్టూలు తీసుకుని తన చోటికి వెళ్లిపోయాడు.

గుమ్మంలో ఇద్దరే మిగిలారు. పిప్పా స్కార్ఫు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. ఆవిడ కోపంగా లేదు. కోపంగా ఉన్నా ఎనిడ్‌కి కొంచెం సులువయ్యేది.

"నీకు తెలిసే చేశావు కదూ," అంది.

"తెలుసు."

"నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి మరి. ఇల్లు అమ్మకానికి పెట్టక తప్పదు." చెయ్యి ఎనిడ్ చేతి మీద వేసింది. "సారీ, ఎనిడ్. నిజంగానే అంటున్నాను."

నిజంగానే అంటోంది. అది ఎనిడ్‌కి తెలుస్తూనే ఉంది. పర్లేదు అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఎనిడ్ దాన్ని మింగేసి, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. పిప్పా ఇంకా జవాబు కోసం నిలబడి ఉండగానే తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కుర్చీ ఎక్కి బీరువా పైనున్న పెద్ద గిన్నెలు ఒక్కొక్కటే కిందికి దించడం మొదలుపెట్టింది. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలీని సామాను సర్దడం ఎలాగో ఆవిడకి తెలియలేదు. అందుకని ముందు అన్నీ శుభ్రంగా కడిగింది.